ఎంత పోతోందని అడిగిన జనం

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? సరే.

సముద్రంలో చమురుబావి బద్దలైతే దాన్ని ఎలా ఆపుతారో చెప్పమని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్ళకు పైగా డ్రిల్లింగ్ మడ్ పనిలో ఉన్నవాణ్ణి. రిగ్గుల మీద, అంటే బావులు తవ్వే యంత్రాల మీద, మమ్మల్ని మడ్ ఇంజనీర్లంటారు. కాబట్టి ఎలా ఆపుతారో కొంత చెప్పగలను, చెబుతాను కూడా. కానీ నేను ఇవాళ వచ్చింది ఇంకో సంగతి చెప్పడానికి. ఆపుతుంటే చూస్తున్న జనం ఏమన్నారు? ఏమడిగారు? ఆ అడిగిన మాట వల్ల ఏం జరిగింది? ఇంజనీర్ల పుస్తకాల్లో ఈ భాగం ఉండదు. నా మటుకు నాకు అందులో ఉండాల్సిన మొదటి పాఠం ఇదే.

2010లో టీవీలో ఆ బొమ్మ చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? సముద్రం అడుగున విరిగిన గొట్టం, అందులోంచి గోధుమరంగు పొగలాగా ఎగదన్నుతున్న చమురు. చేతులు ఎత్తండి. చాలామందే ఉన్నారు. చిన్నపిల్లలకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

2010 ఏప్రిల్ 20. అమెరికాకి దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో. లూసియానా తీరానికి 66 కిలోమీటర్ల దూరంలో, అంటే ఇక్కణ్ణుంచి యాదగిరిగుట్ట ఎంత దూరమో సుమారు అంత దూరంలో, డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు. ట్రాన్సోషన్ కంపెనీది. దాన్ని అద్దెకు తీసుకుని తవ్విస్తున్నది బీపీ అనే పెద్ద చమురు కంపెనీ. బావి పేరు మకాండో. ఆ రాత్రి రిగ్గు మీద 126 మంది ఉన్నారు. పేలుడులో 11 మంది చనిపోయారు. రెండు రోజులు మండి ఏప్రిల్ 22న రిగ్గు మునిగిపోయింది. ఆ తర్వాత జులై 15 దాకా, 87 రోజులు, ఆ బావి సముద్రంలోకి కక్కుతూనే ఉంది.

ఇక్కడ ఇంట్లో బోరు వేయించినవాళ్ళు చాలామంది ఉంటారు. మన కూకట్‌పల్లిలో, నిజాంపేటలో వెయ్యి అడుగులు వేసినా చుక్క పడని సంగతి మీకు తెలుసు. ఆ బావి సముద్రమట్టం నుంచి 18,000 అడుగులు. అందులో మొదటి 5,000 అడుగులు ఉత్త నీళ్ళే. ఆ నీళ్ళ అడుగున బావి నోరు ఉంది. అక్కడ మన బొటనవేలి గోరంత జాగా మీద నూటయాభై కిలోల బరువు పడుతుంది. మనిషి దిగలేడు. తీగ చివర కట్టిన రోబోలు దిగుతాయి, పైన ఓడలో కూర్చుని వాటిని నడపాలి. స్పానరు తిప్పాలన్నా రోబోయే, రంపం పట్టాలన్నా రోబోయే. ఇది గుర్తుంచుకోండి. ఎందుకంటే ఆ రోజుల్లో జనం కోప్పడితే కంపెనీలు చెప్పిన మొదటి జవాబు ఇదే: అక్కడ పని మీరనుకున్నంత తేలిక కాదు అని. నిజమే, తేలిక కాదు. ఆ జవాబులో అబద్ధం లేదు. జనం అడిగిన ప్రశ్న మాత్రం అది కాదు.

ముందు మడ్ గురించి చెప్పాలి. మడ్ అంటే మట్టి కాదండీ. బంకమట్టి, బెరైట్ పొడి కలిపి చిక్కగా, బరువుగా చేసే ద్రవం. బెరైట్ అంటే మన మంగంపేట ముగ్గురాయి. అవును, కడప వైపు దొరికే ఆ రాయే, నీటికంటే నాలుగు రెట్లు బరువు. ప్రపంచంలో చమురు తవ్వే చోట్లకు మంగంపేట నుంచి ఎన్ని ఓడలు వెళ్ళాయో లెక్కలేదు. ఆ మడ్డు బావిలో నిండా ఉంటే, దాని బరువు కింద ఉన్న చమురునూ గ్యాసునూ పైకి రాకుండా తొక్కి పెడుతుంది. మూత అదే. బరువే మూత. ఆ రాత్రి మకాండోలో ఏం చేశారంటే, బావి అడుగున వేసిన సిమెంటు గట్టిగా పట్టిందని నమ్మి, మడ్డు తీసేసి దాని బదులు సముద్రపు నీళ్ళు నింపుతున్నారు. సిమెంటు పట్టలేదు. పట్టిందో లేదో చూసే పరీక్ష చేశారు, పరీక్ష బాగోలేదనే చెప్పింది, దాన్ని బాగుందని చదువుకున్నారు. మడ్డు బరువు తగ్గింది, కింద ఉన్న గ్యాసు లేచింది. ఆఖరి రక్షణగా బావి నోటి మీద బీవోపీ ఉంటుంది, బ్లోఅవుట్ ప్రివెంటర్. బ్లోఅవుట్ అంటే బావి ఇలా బద్దలవడమే. అయిదంతస్తుల మేడంత యంత్రం. గొట్టాన్ని కత్తిరించి నోరు మూసేయాలి. గొట్టం లోపల వంగిపోయి ఉంది, కత్తి సరిగ్గా పడలేదు. అంతే.

ఇక ఆపే ప్రయత్నాలు. మే మొదటి వారంలో సుమారు వంద టన్నుల ఉక్కు గూడు ఒకటి తెచ్చి, కారుతున్న చోట బోర్లించబోయారు. దీపం మీద బుట్ట బోర్లించినట్టు. ఆ లోతులో చలికీ ఒత్తిడికీ గ్యాసు నీటితో కలిసి మంచుగడ్డలాగా కట్టుకుపోతుంది. హైడ్రేట్లంటారు. గూడు నోరు ఆ గడ్డలతో పూడుకుపోయింది. తీసి పక్కన పెట్టారు. తర్వాత విరిగిన గొట్టంలోకి సన్నగొట్టం దూర్చి కొంత చమురు పైకి లాగారు. తర్వాత మే 26న టాప్ కిల్. అంటే నా విద్యే. పైనుంచి మడ్డు బలంగా దించి బావిని తొక్కేయడం. దాంతోపాటు జంక్ షాట్, అంటే టైరు ముక్కలు, గోల్ఫు బంతులు, తాడు ముళ్ళు లోపలికి కొట్టి సందులు పూడ్చడం.

గోల్ఫు బంతులు అన్న మాట విని అమెరికాలో జనం ఎంత మండిపడ్డారో! ప్రపంచంలో అంత పెద్ద కంపెనీ, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశం, చివరికి చెత్త కూరుతున్నారా అని. మా వాళ్ళు, నాతో పనిచేసినవాళ్ళు, ఆ కోపం చూసి నొచ్చుకున్నారు. ఇది తెలిసిన పద్ధతే, పాత పద్ధతే, వీళ్ళకేం తెలుసు అని. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, 'పాత పద్ధతే' అన్న మా జవాబులోనే జనం కోపానికి కారణం ఉంది.

1979లో అదే గల్ఫ్‌లో, మెక్సికో వైపు, ఇష్టాక్-1 అనే బావి బద్దలైంది. జూన్ 3న. అక్కడ నీటి లోతు 50 మీటర్లే. ఏం చేశారు? ఉక్కు గూడు బోర్లించారు, దాన్ని సొంబ్రెరో అన్నారు, అక్కడి వాళ్ళ పెద్ద టోపీ పేరు. ఉక్కు గుండ్లు, సీసం గుండ్లు లోపలికి కొట్టారు. మడ్డు దించారు. పక్కనుంచి వేరే బావులు తవ్వారు. 1980 మార్చి 23కి గానీ ఆగలేదు. తొమ్మిదిన్నర నెలలు. ఇప్పుడు చెప్పండి. 1979లో 50 మీటర్ల లోతు. 2010లో 1,500 మీటర్ల లోతు. తవ్వే విద్య ముప్పై రెట్లు లోతుకి వెళ్ళింది. ఆపే విద్య ఎంత దూరం వెళ్ళింది? అదే గూడు, అవే గుండ్లు, అదే మడ్డు. తవ్వడానికి పెట్టిన డబ్బులో, బుర్రలో, ఆపడానికి పెట్టింది ఎంత? గోల్ఫు బంతుల మీద కోప్పడ్డ మనిషికి హైడ్రేట్లంటే తెలియకపోవచ్చు. కానీ ఆ మనిషి అడిగింది సరైన ప్రశ్నే.

సలహాల సంగతి కూడా చెబుతాను. బీపీ ఒక ఫోను నంబరు పెట్టి ఐడియాలుంటే చెప్పమంది. లక్షకు పైగా వచ్చాయి. ప్రపంచం నలుమూలల నుంచి. గడ్డి పరవండి, చమురును పీలుస్తుంది అన్నారు కొందరు. జుట్టు పీలుస్తుంది అన్నారు మరికొందరు, మంగలి షాపుల్లో ఊడ్చిన జుట్టంతా పోగేసి, ఆడవాళ్ళ నైలాన్ మేజోళ్ళలో కూరి, దిండ్లు చేసి పంపారు. మనవాళ్ళకైతే తిరుమల కల్యాణకట్ట గుర్తొస్తుంది. జుట్టుకి నూనె పట్టే గుణం ఉన్నమాట నిజమే, తలంటు పోసుకునే మనకు ఎవరో చెప్పక్కర్లేదు. అయితే అది నీళ్ళు కూడా పీల్చుకుని మునిగిపోతుందని అధికారులు వద్దన్నారు. కెవిన్ కాస్ట్‌నర్ అనే సినిమా నటుడు నీటినీ చమురునూ విడదీసే యంత్రాలు తెచ్చాడు, బీపీ వాటిలో 32 కొన్నది. అణుబాంబు పెట్టి మూసేయమన్నవాళ్ళు కూడా ఉన్నారు. అది ఊరికే పుట్టిన మాట కాదు, 1966లో సోవియట్ వాళ్ళు ఉజ్బెకిస్తాన్‌లో మండుతున్న ఒక గ్యాసు బావిని అలాగే ఆర్పారు. అమెరికా ప్రభుత్వం ఆ ఆలోచనే లేదని చెప్పేసింది. మంచిపని చేసింది.

ఆ లక్ష సలహాల్లో పనికొచ్చేవి చాలా కొద్ది. మావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక నాకు దేవర్లంక గుర్తొచ్చింది.

మీలో గోదావరి జిల్లాలవాళ్ళు ఉన్నారా? ఉన్నారు, ఉన్నారు. అయితే పాశర్లపూడి బ్లోఅవుట్ అనగానే తెలిసిపోతుంది. 1995 జనవరి 8. కోనసీమలో, దేవర్లంక దగ్గర, నేల మీది గ్యాసు బావి. 65 రోజులు మండింది. మార్చి 15న ఆరింది. నేనప్పుడు వేరే రాష్ట్రంలో రిగ్గు మీద ఉన్నాను. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చాను. మా పెద్దమ్మ వాళ్ళ ఊరు ఆ బావికి నాలుగైదు కిలోమీటర్లు. దిగేసరికి ఆ హోరు. ఎప్పుడైనా విమానం పక్కన నిలబడ్డారా? ఆ హోరు, రాత్రింబగళ్ళు. రాత్రి చీకటి పడేది కాదు. కోళ్ళు వేళకాని వేళ కూసేవి. పసిపిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదు. ఆ ఏడు మా పెద్దమ్మ వాళ్ళ వీధిలో భోగి మంట వెయ్యలేదండీ. ఎవరూ వెయ్యొద్దని చెప్పలేదు. ఎవరికీ చేతులు రాలేదు.

నేను రిగ్గులో పనిచేస్తానని ఊరందరికీ తెలుసు. వరసపెట్టి వచ్చారు. ఎప్పుడు ఆరుతుంది బాబూ? ఎంత పోతోంది? కొబ్బరిచెట్లు బతుకుతాయా? నీళ్ళు తాగొచ్చా? నాకు ఆ బావి లెక్కలు ఏవీ తెలియవు. ఒక్కటంటే ఒక్కటి తెలియదు. అయినా, నేను చదువుకున్నవాణ్ణి, నేను తెలియదంటే ఎలా అనుకుని, వారం పది రోజుల్లో ఆపేస్తారులే అన్నాను. ఆ మాట నాది. ఎవరూ నాచేత అనిపించలేదు. కొబ్బరి దింపు తీసే తాత ఒకాయన అరుగు మీద కూర్చుని అంతా విని, 'పక్కనించి ఇంకో బావి ఏటవాలుగా తవ్వుకుంటూ వెళ్ళి, కిందనే దాన్ని పట్టుకోలేరా బాబూ?' అన్నాడు. అదంత తేలిక కాదు తాతా, అన్నాను.

ఏమండీ, ఆ తాత చెప్పినదాన్ని మా భాషలో ఏమంటారో తెలుసా? రిలీఫ్ వెల్ అంటారు. బ్లోఅవుట్‌ను శాశ్వతంగా చంపడానికి ఇంజనీర్లందరూ నమ్మే ఆఖరి పద్ధతి అదే. మకాండోలో మే 2న మొదలుపెట్టి, నెలల తరబడి తవ్వి, సెప్టెంబరు 19న బావి పూర్తిగా మూతపడిందని ప్రకటించింది ఆ రిలీఫ్ వెల్ పని అయ్యాకే. అక్షరం ముక్క రాని మనిషి అరుగు మీద కూర్చుని దాన్ని చెప్పాడు. నేను అదంత తేలిక కాదన్నాను. తేలిక కాదు. ఆయన తేలికని అన్నాడా? అనలేదు.

అందుకే ఆ లక్ష సలహాల గురించి ఇప్పుడు నవ్వలేను. గడ్డి అన్నవాడు, జుట్టు అన్నవాడు, వాడికి తెలిసిన వస్తువు తెచ్చి ఇస్తున్నాడు. ఇల్లు కాలుతుంటే చేతికందిన చెంబుతో పరిగెత్తుకొచ్చేవాణ్ణి, చెంబుతో ఏమవుతుందని అడుగుతామా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎంత పోతోంది? ఈ ఒక్క ప్రశ్న.

మొదట రోజుకి 1,000 పీపాలన్నారు. ఏప్రిల్ ఆఖరుకి 5,000 అన్నారు. పీపా అంటే 159 లీటర్లు. మనకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. ఎండాకాలం మీ అపార్టుమెంటుకి వచ్చే నీళ్ళ ట్యాంకరు 5,000 లీటర్లు కదా. వెయ్యి పీపాలంటే రోజుకి 32 ట్యాంకర్లు. అయిదు వేలంటే 160 ట్యాంకర్లు. చివరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు తేల్చినది మొదట్లో రోజుకి 62,000 పీపాలు, ఆగేనాటికి 53,000. అంటే రోజుకి సుమారు 1,900 ట్యాంకర్లు. 32 అన్నది 1,900 అయింది. మొత్తం మీద 49 లక్షల పీపాలు బావిలోంచి వచ్చాయని లెక్క. కోర్టు తర్వాత, వచ్చింది 40 లక్షలేనని, పట్టుకున్నది తీసేస్తే సముద్రంలో కలిసింది 31.9 లక్షల పీపాలని తేల్చింది.

32 నుంచి 1,900 దాకా అంకె ఎలా కదిలింది? ఎవరు కదిపారు? జనం కదిపారండీ. కంపెనీ దగ్గర సముద్రం అడుగున కెమెరాలున్నాయి. వాళ్ళు చూస్తున్నారు. జనానికి చూపించడం లేదు. చూపించండి, చూపించండి అని పత్రికలు, చట్టసభ సభ్యులు, ఊళ్ళవాళ్ళు పట్టుబట్టారు. మే 12న ముప్పై సెకన్ల వీడియో ఒకటి బయటపెట్టారు. ముప్పై సెకన్లు! పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ద్రవాల కదలిక మీద పనిచేసే ప్రొఫెసరు స్టీవ్ వేర్లీ ఆ ముక్క తీసుకుని, చమురు సుడులు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి ఎంత జరుగుతున్నాయో కొలిచి, మర్నాటికల్లా రోజుకి 70,000 పీపాల దాకా ఉండొచ్చన్నాడు. అయిదు వేలు ఎక్కడ, డెబ్బై వేలు ఎక్కడ? దేశం నిద్రపోలేదు. అదే వారం బీపీ అధిపతి టోనీ హేవర్డ్, గల్ఫ్ చాలా పెద్ద సముద్రం, దానితో పోలిస్తే మేం వదులుతున్న చమురు చాలా చిన్నది అని ఒక పత్రికతో అన్నాడు. మసాచుసెట్స్ నుంచి ఎన్నికైన ఎడ్ మార్కీ అనే సభ్యుడు గట్టిగా నిలబడి, ఆ కెమెరా బొమ్మలు ప్రత్యక్షంగా అందరికీ చూపించేలా చేశాడు. నెలాఖరుకి ప్రభుత్వం సొంతంగా కమిటీ వేసి కొలవడం మొదలుపెట్టింది. జూన్ మధ్యకి 35,000 నుంచి 60,000 అని చెప్పింది.

అంకె తెలిస్తే ఆగుతుందా, చూస్తే ఆగుతుందా, అని అప్పుడు కొందరు ఇంజనీర్లు విసుక్కున్నారు. ఇది నేను బాగా ఆలోచించిన విషయం, కాస్త నెమ్మదిగా చెబుతాను. మే 26న టాప్ కిల్ మొదలైనప్పుడు మనకు రాత్రి పదకొండున్నర. నేను ఇక్కడే, మా ఇంట్లో, కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. విరిగిన గొట్టంలోంచి వచ్చేదాని రంగు మారింది. ముదురు గోధుమరంగు పోయి బురద రంగు వచ్చింది. అది మడ్డు. మా మడ్డు. బావిలోకి దిగాల్సింది బయటికి వచ్చేస్తోంది. ప్రపంచమంతా అదే చూస్తోంది, ఇది చమురా మడ్డా అని జనం పోట్లాడుకుంటున్నారు. నాకు గుండె జారిపోయింది. మన రోడ్ల మీద మంజీరా పైపు పగిలినప్పుడు చూశారా? నీళ్ళు రెండంతస్తుల ఎత్తు ఎగజిమ్ముతుంటే అందులోకి గంపెడు మట్టి విసిరితే ఏమవుతుంది? ఆ మట్టి తిరిగి మన మీదే పడుతుంది. సన్నధార అయితే ఆ గంపెడు మట్టే చాలు. అంటే, ధార ఎంతో తెలియకుండా ఎంత మట్టి కావాలో ఎలా చెబుతాం? మూడు రోజులు, వేల పీపాల మడ్డు పోశారు. మే 29న చాలించారు.

ఎందుకు ఓడింది? ధార ఎక్కువ కాబట్టి. అయిదు వేల పీపాల బావికి సరిపోయే మందు అరవై వేల బావికి ఎక్కడ సరిపోతుంది? కానీ కంపెనీ అలా చదువుకోలేదు. బావి గోడలో ఎక్కడో చిల్లు పడి, మడ్డు పక్కకి పోతోందేమో అనుకున్నారు. అలా అనుకున్నాక, బావిని పైనుంచి గట్టిగా మూస్తే చమురు రాతిలోకి పారి సముద్రం అడుగంతా చీలుతుందని భయం. ఆ భయంతో గట్టి మూత పెట్టడం జులై మధ్య దాకా వెనక్కి పోయింది. జులైలో క్యాపింగ్ స్టాక్ అనే మూత పెట్టి, ఆచితూచి బిగించారు. గోడ బాగానే ఉంది. చిల్లు లేదు. బావి నిలిచింది.

ముందే అంకె సరిగ్గా తెలిస్తే ముందే ఆగేదా? అలా వాదించినవాళ్ళున్నారు. కోర్టు, పేలుడు విషయంలో బీపీది ఘోర నిర్లక్ష్యం అన్నది గానీ, ఆపే పని విషయంలో ఆ మాట అనలేదు. అది కూడా మీకు చెప్పాలి. 2012లో ఆ కంపెనీ 11 మంది మరణాలకు, ఇంకా ఎంత పోతోందన్న సంగతిలో చట్టసభను అడ్డుకున్నందుకు నేరం ఒప్పుకుంది. మడ్డు మనిషిగా నా మాట నేను చెబుతాను. తప్పు అంకె పెట్టుకుని మందు తయారు చేశారు, మందు పనిచెయ్యకపోతే రోగాన్ని ఇంకోలా ఊహించారు. జనం ఎంత పోతోందని అడిగింది తమాషా చూడ్డానికి కాదు. వాళ్ళు అడిగింది ఇంజనీరు మొదట అడగాల్సిన ప్రశ్న.

ఇక కోపం గురించి. కోపం కూడా ఒక్క రకంగా లేదు. మే ఆఖర్లో హేవర్డ్, 'నా జీవితం నాకు తిరిగి కావాలి' అన్నాడు. పదకొండు ఇళ్ళలో మనుషులు ఇక తిరిగి రాని రోజులవి. ఆ మాట జనం ఇప్పటికీ మర్చిపోలేదు. బీపీ పెట్రోలు బంకులకు వెళ్ళొద్దన్నారు, బంకుల ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఆ బంకుల్లో చాలావాటి యజమానులు మామూలు చిన్న వ్యాపారులు, బోర్డు మాత్రమే బీపీది. దెబ్బ వాళ్ళకు తగిలింది. అది నాకు బాధ కలిగించిన విషయం.

జులై 21న లూసియానాలో లఫయెట్ అనే ఊళ్ళో పదివేలమందికి పైగా జనం ఒక పెద్ద స్టేడియంలో సభ పెట్టారు. ఎందుకనుకుంటున్నారు? చమురు తవ్వకం ఆపమని కాదు. ప్రభుత్వం లోతు సముద్రంలో ఆరు నెలలు తవ్వకం ఆపింది, ఆ నిషేధం ఎత్తెయ్యమని! చమురు ఇంకా ఒడ్డుకి కొట్టుకొస్తున్న రోజులవి. బయటివాళ్ళకు ఇది వింతగా తోచింది. నాకు తోచలేదు. ఒకే ఇంట్లో అన్న రిగ్గు మీదికి వెళ్తాడు, తమ్ముడు రొయ్యల వేటకు వెళ్తాడు. చమురు తమ్ముడి వల చెరిపింది, నిషేధం అన్న జీతం ఆపింది. ఆ తల్లి ఏ జెండా పట్టుకోవాలి? మన కాకినాడ, యానాం, అంతర్వేది వైపు ఇళ్ళలో ఇదే కథ ఉంది, మీకు తెలుసు. వేటకు పోలేని పడవలకే అద్దెలిచ్చి బీపీ, చమురు పాకకుండా నీటి మీద తేలే అడ్డుకట్టలు లాగించింది. తన చెరువు పాడుచేసినవాడి దగ్గరే కూలికి వెళ్ళినట్టు. వాళ్ళు వెళ్ళారు, ఎందుకంటే ఆ నెల ఇంట్లో పొయ్యి వెలగాలి.

డిస్పర్సెంట్ మీద కూడా జనం గట్టిగా నిలబడ్డారు. కోరెక్సిట్ అనే మందు, దాదాపు 70 లక్షల లీటర్లు చల్లారు, అందులో కొంత నేరుగా బావి నోటి దగ్గరే వదిలారు. అది చమురును మాయం చెయ్యదు. సన్నటి బొట్లుగా విడగొట్టి నీళ్ళలో కలుపుతుంది. ఒడ్డుకి చేరే తెట్టు తగ్గుతుంది, నిజమే. పక్షులకు మేలే. కానీ ఒడ్డు మీద నిలబడ్డవాడు, నాకు కనబడకుండా చేస్తున్నారా, అని అడిగాడు. అంకె దాచినవాళ్ళు చమురును కూడా దాస్తున్నారేమో అనుకుంటే, ఆ అనుమానం ఎవరు పెంచింది? మొదటి అంకె పెంచింది.

మన దగ్గరికి వద్దాం. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు గుద్దుకున్నాయి. మొదట్లో ఒలికింది కొంచెమే అన్నారు. తర్వాత ఒడ్డు పొడవునా నల్లటి తారు. బకెట్లతో ఎత్తారండీ. కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, చేపలవాళ్ళు, ఒకరి చేతినుంచి ఒకరికి బకెట్లు అందించుకుంటూ. 2020లో మారిషస్ దీవి దగ్గర వాకాషియో అనే ఓడ పగడపు దిబ్బ ఎక్కి విరిగితే, అక్కడి జనం ప్రభుత్వం వచ్చేదాకా ఆగలేదు. చెరకు ఆకులు గుడ్డ సంచుల్లో కూరి, కుట్టి, తేలే కట్టలు కట్టారు. ఆ తర్వాత నెలాఖరుకి రాజధాని వీధుల్లోకి వేలమంది వచ్చి ఎందుకిలా జరిగిందని అడిగారు. చేతులు కడుక్కుని వచ్చి అడిగారు. పని చేసినవాడికి అడిగే హక్కు లేదా?

హైదరాబాద్‌కి సముద్రం లేదు కదా, మనకెందుకు అనుకోవద్దు. సముద్రంలో చమురు పడితే గాలికీ ప్రవాహానికీ అది ఎటు పోతుందో లెక్కగట్టి చెప్పే సంస్థ ఈ ఊళ్ళోనే ఉంది. ప్రగతి నగర్‌లో, ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అదే. అక్కడ కూర్చున్న పిల్లలు లెక్కవేస్తే తీరంలో కోస్ట్‌గార్డువాళ్ళు పడవ తిప్పుతారు. ఆ లెక్కకి కూడా మొదట కావాల్సింది ఏమిటి? ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత పడింది. ఆ 'ఎంత' తప్పయితే ఎంత గొప్ప కంప్యూటరు ఏం చేస్తుంది?

మా పెద్దమ్మ సంగతి మధ్యలో వదిలేశాను. మంట ఆరాక, ఏప్రిల్‌లో, మళ్ళీ వెళ్ళాను. వసారా గోడ మీద బొగ్గుతో గీతలున్నాయి. ఏమిటివి పెద్దమ్మా అన్నాను. నువ్వు వారం పది రోజులన్నావు కదరా, లెక్కపెట్టాను, అంది. కోపంగా అనలేదు. అరవై అయిదు గీతలు. పదో గీత పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది. తెలీదని చెబితే పోయేది కదరా, మేం పిల్లల్ని తీసుకుని ఆ పదో రోజే మీ మావయ్య ఊరు పోయేవాళ్ళం, అంది. నేను చెప్పిన అంకె నమ్మి అక్కడే ఉండిపోయారు వాళ్ళు. ఆ హోరులో, ఆ వెలుతురులో, ఇంకా యాభై అయిదు రోజులు.

ఆ గోడకి తర్వాత సున్నం వేశారు. ఆ గీతలు నాకు ఇప్పటికీ కనబడతాయి.

నేను మాట్లాడాల్సింది అయిపోయింది. ప్రశ్నలకు అరగంట ఉందంటున్నారు. తెలిసినవి చెబుతాను, తెలియనివి తెలియదంటాను. ఆ మూడో వరసలో అమ్మాయి ఇందాకటినుంచీ చెయ్యి ఎత్తే ఉంచింది. ముందు ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి.